కాలువ కట్టేలోపు తేలాల్సిన తగాదా: ఒక వీడియో నిలిపివేతపై కేస్ స్టడీ

నేపథ్యం

న్యాయవాదిగా నేను చూసిన ఈ కేసు 2025 మార్చి, ఏప్రిల్ నెలల నాటిది. కక్షిదారు అనుమతితో రాస్తున్నాను. ఆయన పేరు, ఊరు, ఛానెల్ పేరు ఇవ్వడం లేదు. గోదావరి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల్లో ఇది ఎక్కడ జరిగిందన్నది కూడా చెప్పను. మనిషిని గుర్తుపట్టించే చిన్న వివరాలు కొన్నింటిని మార్చాను గాని, చట్టానికి సంబంధించిన మలుపుల్లో దేన్నీ మార్చలేదు.

ఆయన కాలువ శివారు ఊళ్లో ఫొటోస్టాట్, ఫ్లెక్సీ డిజైనింగ్ దుకాణం నడుపుతారు. దానితో పాటు చుట్టుపక్కల ఊళ్ల కబుర్లు చెప్పే వీడియో ఛానెల్ ఒకటి ఉంది. అక్రిడిటేషన్ లేదు, జర్నలిస్టు సంఘంలో సభ్యత్వం లేదు, జీతం ఇచ్చే యాజమాన్యం లేదు. డెల్టాలో ఈ రోజు స్థానిక వార్త అంటే చాలావరకు ఇలాంటి మనుషుల ఫోన్లలో నుంచి వచ్చేదే. పెద్ద పత్రికల జిల్లా పేజీకి ఎక్కని సంగతులు, అంటే గట్టు తెగిన చోట, రేషన్ అందని వీధి, రాత్రిపూట తిరిగే ఇసుక లారీలు, వీళ్ల దగ్గరే కనిపిస్తాయి. ఒత్తిడి వచ్చినప్పుడు వీళ్లకు అండగా నిలిచే సంస్థ కూడా ఏదీ ఉండదు.

ఈ కేసులో కాలం లెక్క ముఖ్యం గనుక, బయటి ప్రాంతాల పాఠకుల కోసం ఇక్కడి నీటి సంగతి కొంత చెప్పాలి. ధవళేశ్వరం దగ్గర కాటన్ బ్యారేజీ నుంచి వచ్చే కాలువలను దాళ్వా (రబీ వరి) పంట ఒడ్డెక్కే వేళకు, సాధారణంగా ఏప్రిల్‌లో, కట్టేస్తారు, అంటే నీరు ఆపేస్తారు. పూడికలు, లాకుల మరమ్మతులు అయ్యాక జూన్‌లో మళ్లీ వదులుతారు. సముద్రానికి దగ్గరగా ఉన్న శివారు ఊళ్లలో బోరు వేస్తే ఉప్పునీరే పడుతుంది. అందువల్ల కాలువ కట్టే ముందు చివరి రోజుల్లో ఊరి మంచినీళ్ల చెరువును పూర్తిగా నింపుకుంటారు. వేసవి అంతా ఆ నీళ్లే ఫిల్టరు బెడ్ల మీదుగా కుళాయిలకు వస్తాయి. ఆ చివరి రోజుల్లో కాలువలో ఏ నీరు ఉంటే ఊరు జూన్ వరకు ఆ నీరే తాగుతుంది.

ఎదురైన సమస్య

మార్చి ఆఖరులో ఒక రాత్రి కక్షిదారు ఒక వీడియో తీశారు. రొయ్యలు పట్టేసిన చెరువును ఇంజన్లు పెట్టి తోడుతున్నారు; ఆ నీరు డ్రెయినులోకి పోవలసింది పోయి, గొట్టం ద్వారా పంట కాలువలోకి పడుతోంది. మంచినీళ్ల చెరువుకు నీరు తీసుకునే తూము అక్కడికి కొంచెం దిగువనే ఉంది. వీడియోలో ఎక్కువ భాగం గొట్టం, కాలువ, తూము, నీటి రంగు. చివర్లో మాత్రం ఆయన ఆవేశంలో చెరువు యజమాని పేరు చెప్పి, ‘కావాలనే జనానికి విషం కలుపుతున్నాడు’ అన్నారు.

వీడియో వేలమందికి చేరింది. రెండు రోజుల్లోనే పోలీసు స్టేషను నుంచి ఆయన వాట్సాప్‌కు ఒక నోటీసు వచ్చింది. భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 35(3) కింద హాజరు కావాలని అందులో ఉంది. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 353, అంటే ప్రజల్లో భయాందోళనలు కలిగించే ప్రకటనల నేరం, పేర్కొన్నారు. ఎఫ్‌ఐఆర్ నంబరు గడి ఖాళీగా ఉంది. అదే సాయంత్రం వీడియో కూడా కనిపించకుండా పోయింది. లింకు తెరిస్తే అది ఈ దేశంలో అందుబాటులో లేదన్న ఒక్క వాక్యమే వస్తోంది.

ఆయన నా దగ్గరకు వచ్చేసరికి ఒక ప్రయత్నం చేసి, విఫలమై ఉన్నారు. బంధువుల ఛానెల్లో అదే వీడియోను మళ్లీ పెట్టించారు. అది మొదటిదానికన్నా త్వరగా పోయింది, పైగా ఆ బంధువుకు వేదిక (వీడియోలు ఉంచే సైటు) నుంచి హెచ్చరిక వచ్చింది. మిత్రులు కొందరు వీపీఎన్ (వేరే దేశం నుంచి చూస్తున్నట్టు చూపే యాప్) పెట్టుకుని చూడమని జనానికి చెబుదామన్నారట. హైదరాబాదులో కూర్చున్న ఉద్యోగికి అది పరిష్కారం కావచ్చు. ఈ వీడియో చేరవలసింది బిందె పట్టుకుని కుళాయి దగ్గరకు వచ్చే ఇల్లాలికి.

మొదటి నిర్ణయం: అడ్డు ఎక్కడ పడింది?

వీడియో పోయింది అనగానే హైకోర్టులో రిట్ పిటిషన్ వేద్దామని కక్షిదారులు అడుగుతారు. కాని నీళ్లు ఏ తూములోంచి వస్తున్నాయో చూడకుండా గట్టు వేస్తే ఆ శ్రమంతా దండగే. వేదిక మీది వీడియో కనబడకుండా పోవడానికి కనీసం నాలుగు దారులున్నాయి. వేదిక తన సొంత నిబంధనల ప్రకారం తీసేయవచ్చు. కాపీరైటు ఫిర్యాదు కావచ్చు. ఐటీ చట్టం సెక్షన్ 69ఏ కింద కేంద్ర ప్రభుత్వ ఆదేశం కావచ్చు. లేదా సెక్షన్ 79(3)(బి) కింద ఏదో ఒక ప్రభుత్వ విభాగం పంపిన లేఖ కావచ్చు. వీటిలో ఒక్కొక్కదానికి ఎదిరించే పద్ధతి వేరు, ప్రతివాది వేరు.

తేల్చుకోవడానికి ఖర్చులేని పరీక్ష ఒకటి ఉంది. డెల్టా ఊళ్లలో గల్ఫ్‌లో చుట్టాలు లేని ఇల్లు అరుదు. కువైట్‌లో ఉన్న కక్షిదారు పిన్ని కూతురికి లింకు పంపించి తెరవమన్నాం. అక్కడ వీడియో ఆడింది. వేదిక సొంత నిబంధనల కింద తీసేసి ఉంటే మామూలుగా ఎక్కడా ఆడదు. ఒక్క దేశంలో మాత్రమే ఆగిందంటే అది చట్టపరమైన వినతి మీద ఆగినదే అయ్యే అవకాశం ఎక్కువ. ఆమె చేత తేదీ, సమయం కనబడేలా స్క్రీన్ రికార్డింగ్ చేయించి దాచాం. వేదిక నుంచి కక్షిదారు మెయిలుకు వచ్చిన సమాచారం స్పామ్ ఫోల్డరులో దొరికింది. అందులో ప్రభుత్వ సంస్థ వినతి అని ఉందే తప్ప ఏ సంస్థ, ఏ సెక్షన్ అన్నది లేదు.

అది 69ఏ కాదని నేను ఎందుకు అనుకున్నానంటే, ఆ సెక్షన్‌కు పరిమితమైన కారణాలే ఉన్నాయి: దేశ సార్వభౌమత్వం, సమగ్రత, రక్షణ, రాజ్య భద్రత, విదేశాలతో స్నేహ సంబంధాలు, ప్రజాశాంతి, వీటికి సంబంధించిన నేరాలకు ప్రేరేపణ. పరువునష్టం అందులో లేదు. పైగా 2009 నాటి నిరోధ నిబంధనల ప్రకారం నోడల్ అధికారి, కేంద్రంలోని నియమిత అధికారి, కమిటీ అన్న మెట్లు ఎక్కాలి. అత్యవసరం కాని సందర్భాల్లో వివరణకు కనీసం 48 గంటల గడువుతో నోటీసు ఇవ్వాలి. ఇంత తతంగం ఒక ఊరి కాలువ వీడియో కోసం రెండు రోజుల్లో జరగడం నమ్మశక్యం కాదు. కాబట్టి 79(3)(బి) కింద స్థానికంగా వెళ్లిన లేఖ అయి ఉండాలన్న అంచనాతో ముందుకు వెళ్లాను.

ఈ సెక్షన్ స్వభావం చాలామంది న్యాయవాదులకు కూడా స్పష్టంగా తెలియదు. ఇతరులు పెట్టినదానికి వేదిక బాధ్యత వహించనక్కరలేదన్న రక్షణ సెక్షన్ 79 ఇస్తుంది. ప్రభుత్వం చెప్పినా తీయకపోతే ఆ రక్షణ పోతుందని 79(3)(బి) చెబుతుంది. అంటే అది నేరుగా నిషేధించే అధికారం కాదు. కాని ఆచరణలో నిషేధమంత పనీ చేస్తుంది, ఎందుకంటే రక్షణ పోగొట్టుకుని శివారు ఊరి ఛానెల్ పక్షాన నిలబడే అవసరం ఏ కంపెనీకీ లేదు. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ తీర్పులో సుప్రీంకోర్టు, ఆన్‌లైన్ మాటలను నేరంగా చూసే సెక్షన్ 66ఏను కొట్టివేసిందని అందరికీ గుర్తుంది. అదే తీర్పు 79(3)(బి)ని కూడా కుదించి, కోర్టు ఆదేశం గాని ప్రభుత్వం లేదా దాని సంస్థ నోటిఫికేషన్ గాని ఉండాలనీ, అది వాక్‌స్వాతంత్ర్యానికి హద్దులు చెప్పే రాజ్యాంగం 19(2)లోని కారణాలకు లోబడే ఉండాలనీ చెప్పింది. స్టేషను నుంచి వెళ్లిన ఉత్తరం ఈ కొలతకు తూగుతుందా అన్నదే నా కేసు.

రెండో నిర్ణయం: రెండు లక్ష్యాలను విడదీయడం

ఈ కేసును రాయడానికి అసలు కారణం ఈ భాగమే. కాలువ కట్టడానికి మూడు వారాలకు మించి వ్యవధి లేదు. 2021 ఐటీ నిబంధనల ప్రకారం అప్పట్లో వేదిక ఫిర్యాదుల అధికారి 24 గంటల్లో అందినట్టు చెప్పి, 15 రోజుల్లో పరిష్కరించాల్సి ఉండేది. నచ్చకపోతే 30 రోజుల్లోగా ఫిర్యాదుల అప్పీలు కమిటీకి వెళ్లవచ్చు. సమాచార హక్కు దరఖాస్తుకు 30 రోజులు. తీసేసే వైపు మాత్రం అప్పటి నిబంధన 36 గంటలే ఇచ్చింది. తీయడానికి గంటలు, తిరిగి పెట్టడానికి నెలలు. ఈ పద్ధతిలో మనం పూర్తిగా గెలిచినా, గెలుపు జూన్‌లో వస్తుంది. అప్పటికి చెరువులోని నీళ్లు ఊరంతా తాగేసి ఉంటుంది. ఇలాంటి సమాచారాన్ని శాశ్వతంగా నిషేధించనక్కరలేదు, పదిహేను రోజులు ఆపితే చాలు.

కాబట్టి కక్షిదారుకు రెండు లక్ష్యాలను వేరుగా చూడమని చెప్పాను. ఒకటి, కాలువ నీటి సంగతి చెరువు నింపేలోపు ఊరికి తెలియడం. రెండు, ఆయన వీడియో, ఆయన మాట్లాడే హక్కు నిలబడటం. మొదటిదానికి వీడియో అవసరం లేదు, రెండోదానికి తొందర పనికిరాదు. ఈ రెంటినీ ఒకటిగా చూసి, వీడియో తిరిగి వస్తేనే న్యాయం జరిగినట్టని పట్టుబడితే రెండూ పోతాయి. ఆయనకు ఇది మొదట రుచించలేదు. తన గొంతు నొక్కితే తాను అర్జీలు రాసుకుంటూ కూర్చోవాలా అన్నారు. ఆ కోపం న్యాయమైనదే.

పనిచేయనివి

ఫిర్యాదుల అధికారికి రాశాం. చట్టపరమైన వినతి మేరకు చర్య తీసుకున్నామన్న తయారు జవాబు వచ్చింది. రికార్డు కోసమే వేశాం గనుక ఆశ్చర్యపోలేదు. పోలీసు లేఖ ప్రతి కోసం సమాచార హక్కు కింద అడుగుతూ, తాగునీటి విషయం గనుక ప్రాణానికి సంబంధించిన 48 గంటల నిబంధన వర్తించాలని కోరాం. దాన్ని ఒప్పుకోలేదు. మామూలు గడువు చివర్లో, దర్యాప్తుకు ఆటంకమన్న సెక్షన్ 8(1)(హెచ్) మినహాయింపు చెప్పి నిరాకరించారు. ఎఫ్‌ఐఆరే లేనప్పుడు ఏ దర్యాప్తుకు ఆటంకమో అందులో లేదు.

స్థానిక పాత్రికేయ మిత్రులతో సమావేశం పెట్టించాలన్న ఆలోచన కూడా నడిచింది. నేను వద్దన్నాను. అప్పటికి యజమాని కులం, కక్షిదారు కులం గురించిన వాట్సాప్ సందేశాలు మొదలయ్యాయి. 2022 మేలో అమలాపురం అల్లర్ల తర్వాత కోనసీమలో ఇంటర్నెట్‌నే ఆపేసిన సంగతి ఈ ప్రాంతంలో ఎవరూ మరచిపోలేదు. నీటి తగాదా మనుషుల తగాదాగా మారిన క్షణాన, అప్పటిదాకా పొసగని ప్రజాశాంతి అన్న కారణాన్ని మనమే ఎదుటివాళ్ల చేతికి అందించినట్టవుతుంది.

పనిచేసినవి

మొదటి లక్ష్యం కోసం వీడియోను పూర్తిగా పక్కన పెట్టాం. గ్రామస్తులు కొందరి సంతకాలతో పంచాయతీ కార్యదర్శికి, గ్రామీణ నీటి సరఫరా విభాగానికి ఒక అర్జీ ఇచ్చాం. సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలోనూ దాన్నే నమోదు చేయించి రసీదు తీసుకున్నాం. ఎవరి పేరూ లేదు, ఏ ఆరోపణా లేదు. చెరువు నింపే ముందు తూము దగ్గరి నీటిని పరీక్షించి, ఫలితాన్ని పంచాయతీ బోర్డు మీద పెట్టాలన్నదే కోరిక. భారతీయ తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం అమ్మోనియా లీటరుకు 0.5 మిల్లీగ్రాములు, క్లోరైడు 250 మిల్లీగ్రాములు దాటకూడదన్న అంకెలను అర్జీలోనే రాశాం. క్లోరైడుకు, వేరే నీటి ఆధారం లేనప్పుడు, 1000 వరకు సడలింపు ఉందనీ రాశాం. మనకు అనుకూలమైన అంకె ఒక్కటే చూపి రెండోది దాస్తే, ఆ దాచినదాన్ని చూపించే అవకాశం అవతలివాళ్లకు దక్కుతుంది.

అర్జీ ఇలా రాయడానికి కారణం ఉంది. ఛానెల్ మాటను ఆపమని ఉత్తరం రాయవచ్చు. ప్రభుత్వ ప్రయోగశాల నివేదికను ఆపమని ఏ స్టేషనూ రాయజాలదు. నమూనాలో అమ్మోనియా పరిమితికి మించి ఉందని తేలింది. కాలువ లస్కర్లు గొట్టం తీయించారు. చెరువు నింపడం కొద్ది రోజులు వాయిదా వేసి, పైనుంచి కొత్త నీరు వచ్చాక, రెండో పరీక్ష అయ్యాక నింపారు. ఊళ్లో టముకు వేయించి విషయం చెప్పారు.

రెండో లక్ష్యంలో ముందుగా పోలీసు నోటీసు సంగతి. 35(3) నోటీసును వాట్సాప్ ద్వారా ఇస్తే చెల్లదని 2025 జనవరి 21న సుప్రీంకోర్టు స్పష్టం చేసి ఉంది. ఆ కారణంతో హాజరు కాకపోవచ్చు. కాని హాజరు కాలేదన్న మాట బయట ఎలా వినబడుతుందో ఆలోచించాలి. పైగా చిన్న ఊళ్లో దుకాణం నడుపుకునే మనిషి స్టేషనుతో లోపాల పోటీ పెట్టుకోలేడు. అందుకని లోపాన్ని లిఖితపూర్వకంగా చెబుతూనే, నాతో కలిసి హాజరయ్యారు. ఫోను అప్పగించమని నోటిమాటగా అడిగారు. పంచనామా లేకుండా ఇవ్వలేమని చెప్పి, అసలు ఫుటేజీని పెన్‌డ్రైవులో, హ్యాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే గుర్తు సంఖ్య), భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63(4) ధ్రువపత్రంతో ఇచ్చాం. ఛానెల్ నడిపేవాడి ఫోనులో అతనికి సమాచారం ఇచ్చే మనుషులందరి నంబర్లూ ఉంటాయి. పైపు గురించి ఆయనకు మొదట చెప్పిన కూలీ ఎవరో ఆ ఫోను ద్వారా బయటపడి ఉంటే, ఆ మనిషికి ఆ చుట్టుపక్కల చెరువుల మీద మళ్లీ పని దొరికేది కాదు.

అదే వారంలో మాకు అనుకోని సాయం అందింది. మార్చి 28న ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో సుప్రీంకోర్టు, మాటలకు సంబంధించిన ఆరోపణల్లో శిక్ష మూడు నుంచి ఏడేళ్ల లోపు ఉన్నప్పుడు, ఎఫ్‌ఐఆర్‌కు ముందు నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 173(3) కింద ప్రాథమిక విచారణ జరపడమే సముచితమని చెప్పింది. దానికి డీఎస్పీ అనుమతి కావాలి, 14 రోజుల్లో ముగించాలి. 353(1)కు గరిష్ఠ శిక్ష మూడేళ్లు గనుక ఇది సరిగ్గా వర్తించింది. తీర్పు ప్రతిని జతచేసి డీఎస్పీకి వినతి ఇచ్చాం. చివరికి ఎఫ్‌ఐఆర్ నమోదు కాలేదు.

తర్వాతది అన్నిటికన్నా కష్టమైన సంభాషణ. ‘విషం కలుపుతున్నాడు’ అన్న భాగాన్ని మనమే తీసేద్దామన్నాను. కక్షిదారు ఒప్పుకోలేదు. “కట్ చేస్తే వాళ్లదే గెలుపు అయిపోద్ది కదండీ లాయరు గారూ” అన్నారు. గొట్టం కాలువలోకి ఉందన్నదానికి ఆయన దగ్గర దృశ్యం ఉంది, నీరు చెడిందన్నదానికి ఇప్పుడు ప్రభుత్వ నివేదిక ఉంది. యజమాని మనసులో ఏముందన్నదానికి ఏదీ లేదు. ఆ యజమాని వైపు కూడా నాకు తెలిసిన వాస్తవం ఒకటుంది: చెరువు ఆయనదే గాని, తోడకం కాంట్రాక్టుకు ఇచ్చారు, గొట్టం ఎక్కడ పెట్టారో ఆయన చూడకపోయి ఉండవచ్చు. ఇంటర్నెట్ స్వేచ్ఛను కాపాడటమంటే సాక్ష్యం లేని నిందను కూడా కాపాడటమని నేను అనుకోను. ఆ నింద మిగిలి ఉన్నంతకాలం అవతలివాళ్లు గొట్టం గురించి మాట్లాడనక్కరలేదు, దాని గురించే మాట్లాడతారు. రెండు రోజులు ఆలోచించుకుని ఆయన ఒప్పుకున్నారు.

అయితే కత్తిరించిన వీడియోను వెంటనే పెట్టలేదు. నిలిపివేతను తప్పించుకోవడానికి చేసిన పనిగా చూపే వీలుంది. జిల్లా ఎస్పీకి, వేదికకు ఒకే వినతి పంపాం: ఫలానా నిమిషం నుంచి ఫలానా నిమిషం వరకు మేమే తొలగిస్తున్నాం, మిగిలినదానిలో ఏ వాక్యం ఏ చట్టాన్ని మీరిందో, ఏ నోటిఫికేషన్ కింద అధికారం పొందిన ఎవరు ఆపమన్నారో చెప్పండి. జవాబు రాలేదు. ఆ మౌనమే మా రిట్‌కు ఆధారమైంది.

అమరావతిలోని హైకోర్టులో మిత్రుడైన న్యాయవాది ద్వారా, వేసవి సెలవులకు ముందే రిట్ వేశాం. వాక్‌స్వాతంత్ర్యం మీద పెద్ద ప్రకటనలు అడగలేదు. లేఖ ప్రతి ఇవ్వాలి, శ్రేయా సింఘాల్ చెప్పిన షరతులు తీరకుండా పంపిన లేఖ చెల్లదని ప్రకటించాలి, అంతే. ప్రభుత్వ న్యాయవాది సూచనలు తెప్పించుకోవడానికి గడువు అడిగారు. తర్వాతి వాయిదాకు ముందే వినతిని ఉపసంహరించుకున్నట్టు వేదికకు సమాచారం వెళ్లింది; కత్తిరించిన రూపంలో వీడియో తిరిగి వచ్చింది.

ఇక్కడ చివరి నిర్ణయం. పిటిషన్‌ను కొనసాగించి తీర్పు రాబట్టాలని నా కోరిక. అలాంటి తీర్పు డెల్టాలోని ప్రతి చిన్న ఛానెల్‌కూ అక్కరకు వచ్చేది. కక్షిదారుకు మాత్రం ఊళ్లో దుకాణం ఉంది, ఆయన ఫ్లెక్సీలు కొనేది ఆ రొయ్యల రైతులే. ముగిద్దామన్నారు. కేసు ఆయనది. అవసరమైతే మళ్లీ రావచ్చన్న స్వేచ్ఛతో పిటిషన్ ముగిసింది.

ఆ తర్వాత

ఇదే కేసు ఈ రోజు వస్తే దారి కొంత వేరుగా ఉంటుంది. హోంశాఖ ఆధ్వర్యంలోని సహయోగ్ పోర్టల్ ద్వారా ఇలాంటి వినతులు పంపడాన్ని ఎక్స్ కార్ప్ (పాత ట్విట్టర్) సవాలు చేయగా, కర్ణాటక హైకోర్టు 2025 సెప్టెంబరు 24న ఆ పిటిషన్‌ను కొట్టివేసింది. ఆ తీర్పు మన రాష్ట్రంలో కట్టుబాటు కాకపోయినా అవతలివాళ్లు తప్పక చూపిస్తారు. శ్రేయా సింఘాల్ మీద మాత్రమే ఆధారపడిన వాదనను ఇప్పుడు మరింత జాగ్రత్తగా అల్లాలి. మరోవైపు 2025 నవంబరు 15 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం, పోలీసుల తరఫున ఇలాంటి వినతిని ప్రత్యేకంగా అధికారం పొందిన డీఐజీ, లేదా ఆ పై స్థాయి అధికారే పంపాలి. చట్టపరమైన ఆధారం, ఉల్లంఘన స్వభావం, ఖచ్చితమైన లింకు అందులో ఉండాలి. నెలకోసారి కార్యదర్శి స్థాయిలో సమీక్ష జరగాలి. వీడియో పెట్టిన మనిషికి ప్రతి ఇవ్వాలన్న మాట మాత్రం ఇందులోనూ లేదు. ఇప్పుడు నా దగ్గరకు వచ్చేవారికి వినతిలో మొదటి ప్రశ్నగా పంపిన అధికారి హోదా అడగమని చెబుతున్నాను.

కక్షిదారు ఛానెల్ నడుస్తోంది. ప్రతి వీడియో అసలు ఫైలును పెట్టిన రోజునే హ్యాష్ తీసి రెండు చోట్ల దాస్తున్నారు. పేర్లు చెప్పేముందు అవతలి మనిషికి ఫోను చేసి, మాట్లాడకపోతే మాట్లాడలేదని వీడియోలోనే చెబుతున్నారు. ఆ రోజు వేదికకు వెళ్లిన పోలీసు లేఖ మాత్రం ఇప్పటికీ మా కంటపడలేదు. సమాచార హక్కు కింద మొదటి అప్పీలునూ తిరస్కరించారు. గడువులోపే రాష్ట్ర సమాచార కమిషన్‌లో వేసిన రెండో అప్పీలు విచారణకు రావలసి ఉంది.